వైకింగుల గురించి చెప్పాలంటే ముందు ఉన్ని గురించి చెప్పాలి

మీరు అడిగినవి ఇవి: వైకింగులు సినిమాల్లో చూపించినట్టు కొమ్ముల టోపీలు పెట్టుకుని ఊళ్ళ మీద పడి దోచుకునేవాళ్ళేనా? ఇళ్ళల్లో ఎలా బతికేవారు? ఆడవాళ్ళు యుద్ధాలు చేశారా? చివరికి వాళ్ళంతా ఏమైపోయారు? అన్నిటికీ చెబుతాను. కాకపోతే ఈ కథని అందరూ కత్తి దగ్గర మొదలుపెడతారు, నేను ఉన్ని దగ్గర మొదలుపెడతాను. అక్కణ్ణించి వస్తేనే మిగతాదంతా సరిగ్గా అర్థమవుతుందని నా నమ్మకం.

మా నాన్న మంగళగిరిలో గుంటమగ్గం నేసిన మనిషి. నేను ఉద్యోగం మీద ఓస్లో వచ్చి పధ్నాలుగేళ్ళయింది. వచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఇక్కడి వైకింగ్ ఓడల మ్యూజియంకి వెళ్ళాను. అందరూ ఓసెబెర్గ్ ఓడ ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం ఆ ఓడ సమాధిలో దొరికిన నేత సామాను గురించి చదివి అక్కడే ఆగిపోయాను. ఈ ఓడని 1904లో తవ్వి తీశారు. 834లో ఇద్దరు ఆడవాళ్ళని అందులో పెట్టి, పైన మట్టిదిబ్బ వేశారు. ఒకామెకి 70 దాటాయి, రెండో ఆమెకి 50 ఏళ్ళ ప్రాయం. వాళ్ళతో పాటు బండి, మంచు మీద లాగే స్లెడ్జిలు, మంచాలు, వంట సామాను, మగ్గాలు పెట్టారు. వాటిలో పట్టీలు నేసే 52 చిన్న చెక్క పలకలున్నాయి. మూలల్లో చిల్లులుంటాయి, వాటిలోంచి పడుగు పోగులు పోతాయి, పలకలు తిప్పుతుంటే అంచు నేత పడుతుంది. ఆ పలకల్లో సగం నేసిన పట్టీ అలాగే ఉంది. ఎవరో పని మధ్యలో లేచినట్టుంది. మగ్గం మీద సగం చీర ఉండగా ఇంట్లో మనిషి పోతే ఎలా ఉంటుందో నేను చిన్నప్పుడు చూశాను. ఆ రోజు నుంచి ఈ జనాన్ని వదల్లేదు. పదేళ్ళకి పైగా వారాంతాల్లో పాత పద్ధతిలో వడికి, నేసి చూపించే ఒక బృందంలో పని చేస్తున్నాను.

ముందు ఒక మాట సరిచూసుకుందాం. జాతి పేరు వైకింగ్ కాదు. స్కాండినేవియాలో, అంటే ఇప్పటి నార్వే, స్వీడన్, డెన్మార్క్ వైపు, పాత నార్స్ భాష మాట్లాడినవాళ్ళు నార్స్ జనం. వాళ్ళ భాషలో సముద్రం మీద దాడికి పోవడం ‘వైకింగ్’కి పోవడం. అంటే అది పని పేరు. చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా ఆ పనికి పోలేదు. బార్లీ వేసుకుని, ఆవుల్ని, గొర్రెల్ని మేపుకుని, చేపలు ఎండబెట్టుకుని బతికారు. పోయినవాళ్ళలో కూడా ఎక్కువమంది వేసవిలో పోయి ఇంటికి తిరిగొచ్చే రైతులే.

ఇక తెరచాప. క్రీ.శ. 320 ప్రాంతంలో కట్టిన నీడమ్ పడవ డెన్మార్క్‌లో ఒక బురదనేలలో దొరికింది. 23 మీటర్ల పొడవు, మంచి ఓక్ చెక్క, పలక మీద పలక ఎక్కించి ఇనుప మేకులతో బిగించిన కట్టుబడి. కానీ దానికి తెడ్లే ఉన్నాయి, తెరచాప లేదు. 820లో కట్టిన ఓసెబెర్గ్ ఓడకి తెరచాప కొయ్య ఉంది. మధ్యధరా సముద్రంలో వేల ఏళ్ళుగా వాడుతున్న తెరచాప ఉత్తర యూరప్‌కి ఆ మధ్యకాలంలో ఎప్పుడో, అంత ఆలస్యంగా వచ్చింది. అది వచ్చాకే వీళ్ళు లోకానికి కనిపించారు. 750 ప్రాంతంలో ఎస్టోనియా దీవిలోని సాల్మె దగ్గర రెండు ఓడల్లో 40 మందికి పైగా మగవాళ్ళని, కత్తులతో సహా పాతిపెట్టారు. వాళ్ళు స్వీడన్ వైపు నుంచి వచ్చి అక్కడ చనిపోయినవాళ్ళు. 793 జూన్ 8న ఇంగ్లండ్ తూర్పు తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి జరిగింది. పుస్తకాలు వైకింగ్ యుగం అని లెక్కపెట్టేది ఆ రోజు నుంచే.

ఇప్పుడు ఆ తెరచాప దేంతో చేశారో చూడండి. ఉన్నితో. అక్కడి పాత జాతి గొర్రెలు చిన్నవి, వాటి ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన పొడవైన గట్టి వెంట్రుక, దాని మీద నీళ్ళు నిలవవు. లోపల మెత్తటి పొట్టి ఉన్ని. కత్తెర వెయ్యరు. వేసవి మొదట్లో బొచ్చు దానంతట అది వదులయ్యే వేళ చూసి చేత్తో లాగి తీస్తారు. పైవెంట్రుకని వేరు చేసి, దువ్వి, బిగువుగా వడికి పడుగుకి వాడతారు. లోపలి ఉన్నిని వదులుగా వడికి పేకకి వాడతారు. నేసిన గుడ్డని తడిపి తొక్కితే పేక ఉబ్బి పోగుల మధ్య సందులు పూడుకుపోతాయి. ఆ పైన కొవ్వు, పైన్ చెట్టు తారు కలిపి రుద్దుతారు. అప్పుడు గాలి నిలుస్తుంది. మొదటిసారి ఆ రుద్దే పని చేసిన రోజు నా చేతుల వాసన వారం పాటు పోలేదు.

పని ఎంతో మీకు తెలియాలని నా లెక్క చెబుతాను. కదురుతో నేను గంటకి 30 మీటర్లు వడుకుతాను. చెయ్యి తిరిగినవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ వడుకుతారు. చదరపు మీటరు గుడ్డకి వెయ్యి మీటర్లకి పైగా పోగు పడుతుంది. ఒక మోస్తరు సరుకు ఓడకి 90 చదరపు మీటర్ల తెరచాప కావాలి. అంటే 90 కిలోమీటర్లకి మించిన పోగు. నా వేగంతో అయితే వడకడానికే మూడు వేల గంటలు, రోజుకి పది గంటలు కూర్చున్నా పది నెలలు. దానికి ముందు వందల గొర్రెల ఉన్ని లాగి, దువ్వి ఉండాలి. దాని తర్వాత నేత ఉంది. డెన్మార్క్‌లో రోస్కిల్డె దగ్గర సముద్రం అడుగు నుంచి 1962లో తీసిన స్కుల్డెలెవ్ ఓడల్ని చూసి అచ్చంగా అలాంటి ఓడలే మళ్ళీ కట్టారు, వాటిలో ఒకదానికి ఉన్ని తెరచాప కూడా నేశారు. ఆ పని చేసినవాళ్ళు తేల్చింది ఏమిటంటే, ఓడ కట్టడం కంటే తెరచాప తయారు చెయ్యడానికే ఎక్కువ శ్రమ పడుతుంది. గొడ్డలి పట్టినవాడి పేరు కథల్లో ఉంది. అతన్ని సముద్రం దాటించిన గుడ్డ నేసినవాళ్ళ పేర్లు లేవు. నాకు బాధగా ఉండేది ఇక్కడే.

వాళ్ళ మగ్గం మన గుంటమగ్గానికి పూర్తిగా వేరు. గోడకి ఆనించిన నిలువు చట్రం, పైన అడ్డదూలం, దాన్నుంచి పడుగు కిందికి వేలాడుతుంది. పోగుల్ని గుత్తులుగా కట్టి ఒక్కో గుత్తికి చిల్లు పెట్టిన రాయి కడతారు. నేత పైనుంచి మొదలవుతుంది. మనిషి నిలబడి, అటూ ఇటూ నడుస్తూ పేకని పైకి కొడతాడు. కొట్టే పరికరం తిమింగలం ఎముకతోనో ఇనుముతోనో చేసిన కత్తి లాంటి బద్ద. నాన్న ఒకసారి ఓస్లో వచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపించాను. ఆయన రాళ్ళని వేలితో ఊపి చూసి, “పడుగు బిగువంతా బరువు మీద పెట్టారు. తెలిసినవాళ్ళే” అన్నారు. ఆ తర్వాత కాసేపు రాళ్ళు ఒకదానికొకటి తగిలే చప్పుడు వింటూ నిలబడ్డారు.

ఇళ్ళ సంగతి అడిగారు. పొడవాటి ఇల్లు, మధ్యలో పొయ్యి, రెండు పక్కలా మట్టి అరుగులు. పగలు వాటి మీదే కూర్చోవడం, రాత్రి అక్కడే పడుకోవడం. చలికాలంలో ఒక చివర పశువులు కూడా ఆ కప్పు కిందే ఉండేవి. బార్లీ గంజి, పాలు గడ్డకట్టించి చేసే స్కిర్, ఎండు చేప, దాని మీద వెన్న. తాళాలు ఇల్లాలి నడుముకి వేలాడేవి. విడాకులు కోరే హక్కు ఆమెకి ఉంది, తన వంతు ఆస్తి వెనక్కి తీసుకోవచ్చు. స్వీడన్‌లో హాస్‌మీరా దగ్గర ఒక శిలాశాసనం ఉంది. హోల్మ్‌గౌత్ అనే రైతు తన భార్య ఓదిన్‌దీసా కోసం నిలబెట్టించాడు. హాస్‌మీరాకి ఇంతకంటే బాగా పొలం ఇల్లు చూసుకునే ఇల్లాలు ఇక రాదు అని రాయించాడు. నార్వేలో దిన్నా రాయి ఉంది, ఇప్పుడు ఓస్లోలోనే ఉంది, నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. గున్‌వర్ అనే తల్లి చనిపోయిన కూతురు ఆస్త్రిద్ పేరు మీద వంతెన కట్టించి ఆ రాయి వేయించింది. హాడలాండ్ ప్రాంతం మొత్తంలో ఆస్త్రిద్ అంత పనిమంతురాలైన పిల్ల లేదని దాని మీద ఉంది. చేతిపనిలో నేర్పరి అని ఆ మాటకి అర్థం. వెయ్యేళ్ళ కింద ఒక తల్లి తన బిడ్డ గురించి లోకానికి చెప్పదలుచుకున్న ఒకే ఒక్క మాట అది.

శుభ్రత గురించి కూడా అందరికీ తప్పుడు అభిప్రాయమే. తవ్వకాల్లో కత్తుల కంటే దువ్వెనలు తేలిగ్గా దొరుకుతాయి, జింక కొమ్ముతో చేసినవి. శనివారాన్ని వాళ్ళు ‘స్నానాల రోజు’ అనేవారు. నార్స్ వాళ్ళు వెళ్ళి స్థిరపడ్డ ఐస్‌లాండ్‌లో నేటికీ శనివారం పేరు అదే అర్థంతో ఉంది, నార్వేలో, స్వీడన్‌లో అరిగిపోయి లోర్దాగ్ అయింది. శనివారం తలంటు మా ఇంట్లోనూ తప్పేది కాదు కాబట్టి ఈ సంగతి తెలిసినప్పుడు భలే సంతోషమేసింది.

కొమ్ముల టోపీ సంగతి త్వరగా తేల్చేద్దాం. వైకింగ్ కాలపు టోపీ దాదాపు పూర్తి రూపంలో దొరికింది నార్వేలోని యెర్ముండ్‌బూలో, 1943లో. గుండ్రటి ఇనుప టోపీ, కళ్ళకి కళ్ళజోడు లాంటి కవచం, కొమ్ములు లేవు. డెన్మార్క్‌లో వెక్సో దగ్గర దొరికిన కొమ్ముల టోపీలు కంచు యుగానివి, వైకింగులకి పదిహేడొందల ఏళ్ళ ముందువి. ఇప్పటి బొమ్మ 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకానికి వేసిన దుస్తుల నుంచి పాకింది.

కొమ్ములు లేవు కదా అని వీళ్ళని మరీ మంచివాళ్ళని చేసెయ్యొద్దు. ఈ మధ్య ఇంటర్నెట్‌లో అదీ ఎక్కువైంది. దాడుల్లో వాళ్ళకి దొరికిన పెద్ద సొత్తు మనుషులే. 841లో నార్స్ వాళ్ళు డబ్లిన్ దగ్గర పెట్టుకున్న స్థావరం పెద్ద బానిసల సంత అయింది. తూర్పున రష్యా నదుల వెంట మనుషుల్ని, అడవి జంతువుల బొచ్చు తోళ్ళని అమ్మి అరబ్బు వెండి నాణేలు తెచ్చుకున్నారు. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1999లో బయటపడ్డ ఒక్క పాతరలోనే 14,000కి పైగా నాణేలున్నాయి, మొత్తం వెండి 67 కిలోలు. 922లో బాగ్దాద్ నుంచి వెళ్ళిన దూత ఇబ్న్ ఫద్లాన్ వోల్గా ఒడ్డున ఒక నార్స్ దొర దహనం కళ్ళారా చూసి రాశాడు. అతనితో పాటు ఒక బానిస పిల్లని చంపి అదే ఓడలో పెట్టి కాల్చారు. ఐస్‌లాండ్ జనం జన్యువులు పరీక్షిస్తే తండ్రుల వైపు ఎక్కువగా స్కాండినేవియా, తల్లుల వైపు సగానికి పైగా ఐర్లాండ్, స్కాట్లాండ్ తేలాయి. ఆ ఆడవాళ్ళలో ఇష్టపడి వచ్చినవాళ్ళూ ఉంటారు, కట్టి తెచ్చినవాళ్ళూ ఉంటారు. నేలలోకి తవ్విన చీకటి గుడిసెల్లో మగ్గం రాళ్ళు వరసగా దొరుకుతాయి. తెరచాపలకి అంత ఉన్ని వడికినవాళ్ళలో బానిసలు ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే ఆ ఓడల అందం చూస్తూ కూడా మనసు బరువెక్కుతుంది.

ఆడవాళ్ళ యుద్ధం గురించి: స్వీడన్‌లో బిర్కా పట్టణం దగ్గర పంతొమ్మిదో శతాబ్దంలో ఒక సమాధి తవ్వారు. కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు, ఆట పావులు ఉన్నాయి. నూరేళ్ళకి పైగా అది గొప్ప యోధుడిదే అన్నారు. 2017లో డీఎన్‌ఏ పరీక్షలో ఆ ఎముకలు ఆడమనిషివని తేలింది. ఆమె యుద్ధం చేసిందా, హోదా కొద్దీ ఆయుధాలు పెట్టారా అన్న వాదన నడుస్తోంది. మగవాడి ఎముకలైతే ఆ ప్రశ్న ఎవరూ అడిగేవారు కాదన్నది నా అభిప్రాయం. అయితే అలాంటి సమాధులు చాలా అరుదు. సైన్యాల నిండా ఆడవాళ్ళున్నట్టు సీరియల్స్‌లో చూపించేది కల్పనే.

వాళ్ళలో నాకు ఎక్కువ నచ్చేది చట్టం పట్టింపు. ప్రతి ప్రాంతానికీ ‘థింగ్’ అనే సభ ఉండేది, స్వేచ్ఛ ఉన్న మగవాళ్ళంతా చేరి తగాదాలు తీర్చుకునేవారు. ఐస్‌లాండ్‌కి రాజే లేడు. 930లో థింగ్‌వెల్లిర్ లోయలో దేశం మొత్తానికి ఆల్తింగ్ సభ పెట్టుకున్నారు. అప్పటికి చట్టం రాతలో లేదు. ‘చట్టం చెప్పేవాడు’ ఒకడుండేవాడు. మొత్తం చట్టంలో మూడో వంతు చొప్పున ప్రతి వేసవీ కంఠతా చెప్పాలి, మూడేళ్ళకి ఒక ఆవృతి. 1000 ప్రాంతంలో క్రైస్తవం తీసుకోవాలా వద్దా అని దేశం రెండుగా చీలి కత్తుల దాకా వచ్చింది. తీర్పు అప్పటి చట్టం చెప్పేవాడు థోర్‌గేర్‌కి వదిలారు. అతను పాత దేవుళ్ళని కొలిచేవాడే. ఒక పగలూ రాత్రీ దుప్పటి కప్పుకుని ఎవరితో మాట్లాడకుండా పడుకుని, లేచి చెప్పాడు: అందరికీ ఒకే చట్టం ఉండాలి, అందరూ క్రైస్తవులవ్వాలి. కాకపోతే చాటుగా పాత పూజలు చేసుకుంటే తప్పు లేదు, గుర్రం మాంసం తినొచ్చు. పుట్టిన పసికందుని బయట వదిలేసే పాత ఆచారాన్ని కూడా అప్పటికి ఆపలేదు. ఈ వెసులుబాట్లు తర్వాత కొన్నేళ్ళకి రద్దయ్యాయి. రక్తం చిందకుండా ఒక దేశం మతం మారింది. అదే ఐస్‌లాండ్‌లో గుడ్డే డబ్బు. ‘వాద్‌మాల్’ అనే ఏటవాలు నేత ఉన్నిగుడ్డ ఆరు మూరలు ఒక ఔన్సు అనే విలువకి లెక్క. వాళ్ళ కొలత కూడా మోచేతి నుంచే వచ్చింది, మన మూర లాగే.

దేవుళ్ళ గురించి ఒక హెచ్చరిక చేస్తాను. ఓదిన్, థోర్, ఫ్రేయా కథలు మనకి తెలిసినవి ఎక్కువగా ఐస్‌లాండ్‌లో పదమూడో శతాబ్దంలో, అంటే క్రైస్తవులయ్యాక రెండొందల ఏళ్ళ తర్వాత రాసినవి. 1220 ప్రాంతంలో స్నోరి స్టుర్లుసన్ కవులకి పాఠంగా రాసిపెట్టకపోతే చాలా కథలు పోయేవి. కాబట్టి ప్రతి కథనీ పూజల్లో వాడిన మంత్రంలా తీసుకోకూడదు. తీర్ అనే దేవుడి పేరు, సంస్కృతంలో ‘దేవ’ అనే మాట ఒకే మూలం నుంచి వచ్చాయి. అది భాషల చుట్టరికం. దాన్ని పట్టుకుని ఓదినే మన ఫలానా దేవుడు అని తేల్చే వీడియోలు నమ్మకండి.

మన వైపు నుంచి నిజంగా అక్కడికి చేరినవి రెండున్నాయి. స్టాక్‌హోమ్ దగ్గర హెల్గో దీవిలో 1956లో ఎనిమిది సెంటీమీటర్ల చిల్లర ఎత్తున్న కంచు బుద్ధుడు దొరికాడు. భారత ఉపఖండం వాయవ్య మూలన ఆరో శతాబ్దంలో పోత పోసిన విగ్రహం. ఆ చోటే ఐర్లాండ్ బిషప్ చేతికర్ర పిడి, ఈజిప్ట్ గరిటె కూడా దొరికాయి. ఆ ఊళ్ళో బౌద్ధులున్నారని కాదు, చేతులు మారుతూ సరుకు ఎంత దూరం వెళ్ళిందో చెప్పే సాక్ష్యం అది. రెండోది, 1880లో తవ్విన గోక్‌స్టాడ్ ఓడలో. 900 ప్రాంతంలో పాతిన ఆ దొరతో పాటు 12 గుర్రాలు, కుక్కలు, ఇంకా రెండు నెమళ్ళు ఉన్నాయి. మంచు దేశంలో నెమళ్ళు! ఎవరి చేతుల మీదుగా వచ్చాయో, ఆ చలిలో ఎన్నాళ్ళు బతికాయో అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

చివరి ప్రశ్న, ఏమైపోయారని. ఎక్కువమంది ఎక్కడికీ పోలేదు. 911లో ఫ్రాన్స్ రాజు రోలో అనే నాయకుడికి సెన్ నది ముఖద్వారం దగ్గర భూమి ఇచ్చాడు. వాళ్ళు ఫ్రెంచి నేర్చుకుని నార్మన్లు అయ్యారు. రష్యాలో అక్కడి స్లావు జనంలో కలిశారు. సొంత దేశాల్లో రాజులు బలపడి, చర్చిలు కట్టి, పన్నులు వసూలు చేసే మామూలు రాజ్యాలయ్యాయి. 1066లో నార్వే రాజు హరాల్డ్ ఇంగ్లండ్‌లో స్టాంఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర చనిపోవడంతో ఆ యుగం ముగిసిందని లెక్క. ఐస్‌లాండ్‌లో ఎక్కువమంది నేటికీ ఇంటిపేర్లు లేకుండా తండ్రి పేరుకి ‘సన్’ (కొడుకు), ‘దోత్తిర్’ (కూతురు) చేర్చుకునే పిలుచుకుంటున్నారు.

నిజంగా మాయమైంది గ్రీన్‌లాండ్ వాళ్ళే. 985 ప్రాంతంలో ఎర్ర ఎరిక్ అక్కడ ఊళ్ళు కట్టాడు. అక్కణ్ణించే కొందరు అమెరికా ఖండం చేరారు. కెనడాలో లాన్స్ ఓ మెడోస్ దగ్గర వాళ్ళు 1021లో చెట్లు నరికారని 2021లో తేలింది. అక్కడ తవ్వితే దొరికిన వాటిలో రాతి కదురు బిళ్ళ ఒకటుంది. అంటే అంత దూరం వడికే మనిషి కూడా వెళ్ళింది. గ్రీన్‌లాండ్ ఊళ్ళు నాలుగొందల ఏళ్ళకి పైగా నిలిచాయి. 1408 సెప్టెంబర్‌లో హ్వాల్సే చర్చిలో ఒక పెళ్ళి జరిగింది. వాళ్ళ గురించి చివరి రాత అదే. చలి పెరిగింది, వాల్రస్ అనే సముద్ర జంతువు దంతం బేరం పడిపోయింది, ఓడలు రావడం మానేశాయి.

1921లో హెర్యోల్ఫ్‌స్నెస్ శ్మశానం తవ్వితే గడ్డకట్టిన నేలలో వాళ్ళ బట్టలు దొరికాయి. శవపేటికకి చెక్క చాలక చాలామందిని కట్టుబట్టలతోనే పాతిపెట్టారు. కోపెన్‌హాగన్ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి, అటు వెళ్తే తప్పకుండా చూడండి. పెద్దవాళ్ళ గౌన్లు, పొడవాటి తోక ఉన్న తలగుడ్డలు, చిన్నపిల్లల చొక్కాలు. నేను వెళ్ళినప్పుడు అద్దానికి ముఖం ఆనించి పోగులు చూశాను. గ్రీన్‌లాండ్ గుడ్డలో పేక పోగులు పడుగు కంటే ఎక్కువుంటాయి. ఐస్‌లాండ్ గుడ్డలో అలా ఉండదు. చలి ముదిరే కొద్దీ వెచ్చదనం కోసం పేకని దట్టంగా కొట్టి ఉంటారని పరిశోధకులు అంటారు. పిల్లల చొక్కా అంచు దగ్గర కుట్టు చాలా సన్నగా, సమానంగా ఉంది.